సి.ఎస్. నాయుడు: 917 బంతుల రికార్డు, 522 బంతుల తీర్పు

భారత క్రికెట్ చరిత్రలో నాయుడు అన్న పేరు వినగానే ఎవరికైనా స్ఫురించేది కల్నల్ సి.కె. నాయుడే. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత జట్టు ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకత్వం వహించిన క్రీడాకారుడాయన. ఆయన పేరిట నేడు జీవిత సాఫల్య పురస్కారం ఉంది, యువ క్రీడాకారుల జాతీయ పోటీ ఉంది. ఆ పేరు నీడలో మరొక నాయుడు ఉన్నారు. అదే ఇంట పుట్టి, అన్న నాయకత్వంలోనే పందొమ్మిదేళ్ల వయసులో టెస్టు టోపీ ధరించి, ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 647 వికెట్లు పడగొట్టిన కొఠారి సుబ్బన్న నాయుడు. క్రికెట్ లోకానికి ఆయన సి.ఎస్. నాయుడు. టెస్టులలో ఆయన తీసిన వికెట్లు మాత్రం రెండే రెండు.

పదకొండు టెస్టులు, రెండు వికెట్లు, ఒక్కొక్క వికెట్‌కు 179.50 పరుగులు. రికార్డుల పుస్తకంలో ఈ ఒక్క వరుస చదివినవారికి సి.ఎస్. నాయుడు విఫలుడు. అదే పుస్తకంలో మరికొన్ని పుటలు తిప్పితే, ఒకే ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో అత్యధిక బంతులు వేసిన ప్రపంచ రికార్డు ఎదురవుతుంది. అదీ ఆయన పేరిటే ఉంది. ఈ రెండు వరుసల మధ్య గడిచిన జీవితం, ఎంతో ఆశ పెట్టుకున్న ప్రతిభ ఎందుకు ఫలించకుండా పోతుందన్న ప్రశ్నకు ఒక సమాధానాన్ని దాచుకుని ఉంది.

కొఠారి వారి పూర్వీకులది మచిలీపట్నం. న్యాయవాద వృత్తి రీత్యా నాగపూర్‌లో స్థిరపడిన కుటుంబమది. తాత నారాయణస్వామి నాయుడు పేరుపొందిన న్యాయవాది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివి న్యాయశాస్త్ర పట్టా పొందారు. కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న జన్మించగా, సుబ్బన్న 1914 ఏప్రిల్ 18న జన్మించారు. అన్నదమ్ముల మధ్య పద్దెనిమిదిన్నరేళ్ల అంతరం. తమ్ముడు బడి ఈడుకు వచ్చేసరికే అన్న మధ్యభారతమంతటా పేరు మోసిన ఆటగాడు.

తెలుగు పలుకు రాష్ట్రాల సరిహద్దుల దగ్గర ఆగిపోదని బస్తర్‌లోని కొంటా, ఎర్రబోరు ప్రాంతాల శ్రోతలకు వేరే చెప్పనక్కర లేదు. నాటి మధ్య పరగణాల రాజధాని నాగపూర్‌లోనూ అంతే. కొలువుల కోసం, వ్యాపారం కోసం, సైనిక ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగువారు అక్కడే ఊరు కట్టుకున్నారు. 1948లో బస్తర్ సంస్థానం మధ్య పరగణాలలో విలీనమైన తరువాత, 1956 వరకు ఎర్రబోరుకు కూడా రాజధాని నాగపూరే.

సి.కె. నాయుడు 1923లో హోల్కర్ మహారాజు ఆహ్వానంపై ఇందూరు చేరారు. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు సాధించడంతో ఆయన కీర్తి దేశమంతటా మారుమోగింది. భారతదేశానికి టెస్టు హోదా లభించే దిశగా ఆ ఇన్నింగ్స్ ఒక మేలుమలుపు. ఇంటిలో అటువంటి అన్న ఉన్నప్పుడు తమ్ముడిపై లోకం చూపు ముందుగానే పడుతుంది. సుబ్బన్నపైనా పడింది. అన్నకు మించిన ఆట తమ్ముడు చూపుతాడన్న ఆశ, అన్న పేరుతో జట్టులోకి వచ్చాడన్న అనుమానం, ఈ రెండూ అటువంటి ఇళ్లలో కవల పిల్లల్లా ఒకేసారి పుడతాయి.

తమ్ముడు ఎంచుకున్న విద్య లెగ్ స్పిన్. క్రికెట్‌లో ఇంతకంటె కష్టమైన విద్య లేదు. వేళ్లతో కాక మణికట్టు విరుపుతో బంతిని తిప్పాలి. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు లెగ్ వైపు పడి ఆఫ్ వైపు తిరిగేది లెగ్ బ్రేక్. అదే చేతి ఊపుతో, చూపరికి తేడా తెలియకుండా, అటు నుంచి ఇటు తిరిగేది గూగ్లీ. మణికట్టు ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే బంతి పొట్టిగానో, నేరుగా బ్యాట్ మీదికో పడి బౌండరీకి పోతుంది. అందుచేత లెగ్ స్పిన్నర్ పరుగులిస్తాడు. వికెట్ కావాలనుకున్న నాయకుడు ముందుగా ఆ పరుగులను పెట్టుబడిగా పెట్టడానికి సిద్ధపడాలి. సి.ఎస్. బంతిని చురుకైన చేతి ఊపుతో, బలంగా తిప్పేవారు. కింది వరుసలో దూకుడుగా బ్యాటింగ్ చేసేవారు. వికెట్ దగ్గరైనా బౌండరీ దగ్గరైనా ఫీల్డింగ్‌లో నాటి భారత జట్టులోని మేటి ఆటగాళ్లలో ఒకరు. ఒక క్రీడాకారునికి కావలసినవన్నీ ఉన్నట్టే కనిపించేవి.

1934 జనవరి 5న కలకత్తాలో ఇంగ్లండ్‌తో టెస్టు ప్రారంభమైంది. ఇంగ్లండ్ నాయకుడు డగ్లస్ జార్డిన్, భారత నాయకుడు సి.కె. నాయుడు. ఆ రోజు భారత జట్టు తరఫున అరంగేట్రం చేసిన వారిలో ఇందూరు ఛాయలున్న పందొమ్మిదేళ్ల యువకులు ఇద్దరున్నారు. ఒకరు సి.ఎస్. నాయుడు. రెండవవారు ఇందూరులోనే పుట్టి పెరిగి, సి.కె. చేతిలో రాటుదేలిన ముష్తాక్ అలీ. ఇద్దరి వయసులో తేడా ఎనిమిది నెలలు. ఇద్దరి గురువూ ఒకరే. ఒకే రోజున మొదలైన ఈ రెండు ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప సి.ఎస్. కథ పూర్తిగా అర్థం కాదు.

రెండేళ్ల తరువాత, 1936 వేసవిలో, భారత జట్టు ఇంగ్లండ్‌లో పర్యటించింది. నాయకుడు విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, అందరూ విజ్జీ అని పిలిచే ఆయన. ఆ పర్యటన భారత క్రికెట్‌లో ముఠా తగాదాలకు మారుపేరుగా మిగిలిపోయింది. రాజకుమారుని చుట్టూ ఒక వర్గం, సి.కె. నాయుడు చుట్టూ మరొక వర్గం ఏర్పడ్డాయి. జట్టులో అందరికంటె మిన్నగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో టెస్టులకు ముందే స్వదేశానికి పంపివేశారు. అటువంటి వాతావరణంలో సి.కె. తమ్ముడు కావడం ఏ మేరకు అండ, ఏ మేరకు బరువు అన్నది ఊహించడం కష్టం కాదు.

ఆ ఏడాది జులైలో మాంచెస్టర్‌లో జరిగిన టెస్టు తెలుగువారికి ఒక విధంగా మరపురానిది. పదకొండు మందిలో నలుగురు తెలుగువారే. విజయనగరం రాజకుమారుడు, నాయుడు సోదరులు, మద్రాసుకు చెందిన కోటా రామస్వామి. రామస్వామి అంతకు చాలా కాలం ముందే, 1922లో, డేవిస్ కప్ టెన్నిస్ ఆడినవారు. నలభై ఏళ్ల వయసులో తొలి టెస్టుకు దిగి 40, 60 పరుగులు సాధించారు. ఆయన ఆడినవి రెండే టెస్టులు, సగటు 56.66. ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోని నడివయస్కుడు అంత సాధించి వెళ్లిపోయారు.

అదే మ్యాచ్ రెండవ ఇన్నింగ్స్‌లో విజయ్ మర్చంట్‌తో కలసి ముష్తాక్ అలీ తొలి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. ముష్తాక్ చేసిన 112 పరుగులు విదేశీ గడ్డపై భారతీయుడు సాధించిన తొలి టెస్టు శతకం. ఆ ఒక్క రోజుతో ఆయన పేరు చిరస్థాయిగా నిలిచిపోయింది. ఇంగ్లండ్ 571 పరుగులు చేసిన ఆ టెస్టులో భారత బౌలర్లకు మిగిలింది శ్రమే. సి.ఎస్.కు కలసివచ్చినదేమీ లేదు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. ఆ వయసు లెగ్ స్పిన్నర్‌కు అక్షరాభ్యాసం వంటిదని, నైపుణ్యం ముప్పయ్యో పడికి దగ్గరలో పండుతుందని క్రికెట్ తెలిసినవారంటారు. ఆయన విషయంలో అదే జరిగింది. కాని పంట చేతికొచ్చిన వేళ సంత లేదు.

1936 ఆగస్టులో ఓవల్ టెస్టు ముగిసిన తరువాత భారతదేశం మళ్లీ టెస్టు ఆడినది 1946 జూన్‌లో. 1939 శీతకాలానికి నిశ్చయమైన ఇంగ్లండ్ జట్టు పర్యటన రెండవ ప్రపంచయుద్ధం కారణంగా రద్దయింది. దాదాపు పదేళ్ల శూన్యం. సి.ఎస్. నాయుడు ఇరవై రెండవ ఏట నుంచి ముప్పై రెండవ ఏట వరకు, అంటే ఒక బౌలర్ జీవితంలో అత్యంత విలువైన దశాబ్దమంతా, అంతర్జాతీయ వేదిక అన్నదే లేదు. యుద్ధం ఎందరో క్రీడాకారుల ఆయుష్షునే హరించింది కనుక ఈ నష్టాన్ని పెద్దది చేసి చెప్పడం తగదు. లెక్క చూసేటప్పుడు దీనిని మరచిపోవడమూ తగదు.

యూరప్‌లో మైదానాలు మూతపడిన ఆ రోజులలో భారత దేశవాళీ క్రికెట్ మాత్రం కళకళలాడింది. బొంబాయిలో మతాల వారీ జట్ల పంచకోణ పోటీకి జనం విరగబడేవారు. రంజీ ట్రోఫీలో సంస్థానాధీశుల అండతో బలమైన జట్లు తయారయ్యాయి. బరోడా జట్టుకు ఆడిన సి.ఎస్. నాయుడు 1942-43 సీజన్‌లో 40 వికెట్లు పడగొట్టారు. రంజీ ట్రోఫీలో ఒక సీజన్‌లో 40 వికెట్లు తీసిన మొట్టమొదటి బౌలర్ ఆయనే. ఆ ఏడాది బరోడా ఫైనల్లో హైదరాబాద్ జట్టును ఓడించి ట్రోఫీ గెలుచుకుంది. నాగపూర్ తెలుగు బిడ్డ బరోడా పక్షాన హైదరాబాద్‌ను ఓడించిన జట్టులో ఉండడం ఆ కాలపు సంస్థాన క్రికెట్‌లో వింతేమీ కాదు. ఎవరు కొలువిస్తే వారి జట్టుకు ఆడవలసిన రోజులవి.

ఆ తరువాత ఆయన అన్న దగ్గరికే చేరారు. 1944-45లో హోల్కర్ జట్టు సి.కె. నాయకత్వంలో ఫైనల్ చేరింది. ప్రత్యర్థి బొంబాయి. వేదిక బ్రాబోర్న్ స్టేడియం. 1945 మార్చి నెల. ఫలితం తేలే వరకు ఎన్ని రోజులైనా ఆడవలసిన మ్యాచ్ అది.

బొంబాయి తొలి ఇన్నింగ్స్‌లో 462 పరుగులు చేసింది. సి.ఎస్. 64.5 ఓవర్లు వేసి 153 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశారు. హోల్కర్ 360 పరుగులకు ఆగిపోయింది. రెండవ ఇన్నింగ్స్‌లో బొంబాయి 764 పరుగుల కొండను నిలబెట్టింది. నాయకుడు విజయ్ మర్చంట్ ఒక్కరే 278 పరుగులు సాధించారు. ఆ ఇన్నింగ్స్‌లో సి.ఎస్. వేసినవి 88 ఓవర్లు, ఇచ్చినవి 275 పరుగులు, తీసినవి ఐదు వికెట్లు. మార్చి ఎండలో, ఆరిన పిచ్‌పై, తిరుగులేని ఫామ్‌లో ఉన్న మర్చంట్ ఎదుట, ఒక మణికట్టు స్పిన్నర్ రోజుల తరబడి ఆపకుండా బంతి వేయడమంటే భుజమూ వేళ్లూ ఏమవుతాయో ఆ పని చేసినవారికే తెలుస్తుంది. అన్న బంతి ఇస్తూనే ఉన్నారు, తమ్ముడు వేస్తూనే ఉన్నారు. సి.కె.కు అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. జట్టులో ఎవరినీ, తనను సైతం, చులకనగా వదిలే స్వభావం ఆయనది కాదు.

హోల్కర్ లక్ష్యం 867 పరుగులు. మధ్యభారతంలోని మౌ సైనిక స్థావరంలో పనిచేస్తూ హోల్కర్‌కు ఆడిన ఇంగ్లండ్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ అజేయంగా 249 పరుగులు చేశారు. ముష్తాక్ అలీ రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు సాధించారు. చివరకు 492 వద్ద హోల్కర్ ఆలౌటయింది. బొంబాయి 374 పరుగుల తేడాతో గెలిచింది. మ్యాచ్ మొత్తంలో నమోదైన పరుగులు 2,078.

ఆ స్కోరు పుస్తకంలో సి.ఎస్. నాయుడు వాటా ఇది: 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు, 428 పరుగులు, 11 వికెట్లు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఒక బౌలర్ వేసిన అత్యధిక బంతులు ఇవే, ఇచ్చిన అత్యధిక పరుగులూ ఇవే. ఈ రెండు ప్రపంచ రికార్డులూ నేటికీ చెక్కుచెదరలేదు. ఇప్పటి రోజుల్లో మ్యాచ్ వ్యవధికి హద్దు ఉంది. బౌలర్ శరీరంపై వైద్యుల నిఘా ఉంది. కనుక ఇకముందు చెదిరే అవకాశమూ లేదు.

ఇప్పుడు మరొక అంకె. పదకొండు టెస్టులలో, పద్దెనిమిదేళ్ల కాలవ్యవధిలో, భారత నాయకులు ఆయన చేత వేయించిన బంతులు మొత్తం 522. బ్రాబోర్న్‌లో ఆ ఒక్క రెండవ ఇన్నింగ్స్‌లో ఆయన వేసిన 88 ఓవర్లకు 528 బంతులు. ఒక్క ఇన్నింగ్స్‌లో అన్న ఇచ్చినన్ని బంతులు టెస్టు జీవితమంతటిలోనూ ఆయనకు దక్కలేదు.

లెగ్ స్పిన్నర్‌ను తూచేవారు ఈ తూకాన్ని ముందుగా చూడాలి. మ్యాచ్‌కు సగటున నలభై ఏడు బంతులు, అంటే రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి ఎనిమిది ఓవర్లు కూడా నిండవు. మొదటి రెండు ఓవర్లలో పరుగులు పోగానే బంతి వెనక్కి తీసుకుంటే మణికట్టు స్పిన్నర్‌కు లయ దొరకదు. లయ దొరకనప్పుడు పరుగులు పోతాయి, పరుగులు పోతే నాయకునికి నమ్మకం పోతుంది. అయితే తప్పంతా నాయకులదే అనడానికీ వీలు లేదు. ఆ 522 బంతులలో ఆయన 359 పరుగులిచ్చారు. ఆరు బంతుల ఓవర్‌కు నాలుగు పరుగుల పైమాటే. నాటి టెస్టు క్రికెట్‌లో అది చాలా ఖరీదైన బౌలింగ్. నిలకడ లేని బౌలర్‌ను ఒకవైపు నిలిపి ఉంచేంత బలం ఆనాటి భారత జట్టుకు లేదు. ఎదుట ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆటగాళ్లు నాలుగైదు వందల పరుగులు చేస్తూ ఉంటే, ఏ నాయకుడైనా పరుగులు కట్టడి చేయగల వినూ మన్కడ్ చేతికే బంతి ఇస్తాడు.

దేశవాళీ మైదానాలు కూడా కొంత మోసం చేశాయనాలి. అప్పట్లో చాలా చోట్ల కొబ్బరిపీచు చాపలపై మ్యాచ్‌లు జరిగేవి. వేగంగా వదిలిన లెగ్ బ్రేక్ చాపపై చురుక్కున తిరిగి పైకి లేస్తుంది. ఇంగ్లండ్ పచ్చిక మీద అదే బంతి బ్యాట్స్‌మన్‌కు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది.

1946లో నవాబ్ పటౌడీ నాయకత్వంలో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులో ఆయనకు చోటు దక్కింది. బ్రాబోర్న్ రికార్డు నాటికి ఏడాది పాతది. మే నెలలో ఓవల్‌లో సర్రే జట్టుతో జరిగిన మ్యాచ్‌లో సి.ఎస్. హ్యాట్రిక్ సాధించారు. దశాబ్దంగా ఎదురుచూసిన రోజు వచ్చిందనిపించింది. విచిత్రమేమంటే ఆ మ్యాచ్‌ను లోకం గుర్తుంచుకున్నది మరొక కారణంతో. పదవ వికెట్‌కు చందు సర్వతే, షుతే బెనర్జీ ఇద్దరూ శతకాలు సాధించి 249 పరుగులు జోడించారు. పదో నంబరు, పదకొండో నంబరు ఆటగాళ్లు ఒకే ఇన్నింగ్స్‌లో శతకాలు చేసిన సందర్భం క్రికెట్ చరిత్రలో మరొకటి లేదు. ఆ వింత ముందు హ్యాట్రిక్ వెనకబడింది. ఆ పర్యటనలో బౌలింగ్ భారాన్ని మోసింది మన్కడ్. 1,120 పరుగులు, 129 వికెట్లు. టెస్టులలో ఆడినా సి.ఎస్. ప్రధాన బౌలర్ కాలేకపోయారు.

1947-48లో స్వతంత్ర భారతదేశపు తొలి విదేశీ పర్యటన ఆస్ట్రేలియాకు. నాయకుడు లాలా అమర్‌నాథ్. అక్కడ ఎదురైనది డొనాల్డ్ బ్రాడ్‌మన్. ఆ సిరీస్‌లో బ్రాడ్‌మన్ 715 పరుగులు చేశారు, సగటు 178.75. టెస్టులలో సి.ఎస్. నాయుడు బౌలింగ్ సగటు 179.50. ఈ రెండు అంకెల పోలిక కాకతాళీయమే అయినా, ఎటువంటి గడ్డుకాలంలో ఆయన బంతి పట్టారో చెప్పడానికి పనికివస్తుంది. భారతదేశం ఆ సిరీస్‌ను 4-0 తేడాతో కోల్పోయింది.

ఆయన చివరి టెస్టు 1952 జనవరిలో కాన్పూర్‌లో ఇంగ్లండ్‌పై జరిగింది. ముప్పై ఏడేళ్ల వయసులో మళ్లీ పిలుపు రావడమే విశేషం. ఇంగ్లండ్ ఎనిమిది వికెట్ల తేడాతో గెలిచింది. తరువాతి టెస్టు మద్రాసులో. సి.ఎస్. జట్టులో లేరు. 1952 ఫిబ్రవరి 10న ఆ మ్యాచ్‌లో భారతదేశం ఇన్నింగ్స్ తేడాతో నెగ్గింది. ఇరవై ఏళ్ల టెస్టు చరిత్రలో అదే తొలి విజయం. మన్కడ్ పన్నెండు వికెట్లు పడగొట్టారు. సి.ఎస్. నాయుడు ఆడిన పదకొండు టెస్టులలో ఒక్కదానిలోనూ భారత జట్టు గెలవలేదు. గెలుపు తలుపు తట్టింది ఆయన వెళ్లిపోయిన మరుసటి మ్యాచ్‌లో.

కలకత్తాలో ఆయనతో పాటు అడుగుపెట్టిన ముష్తాక్ అలీ మద్రాసు విజయంలో పాలుపంచుకున్నారు. ముష్తాక్‌కు అది చివరి టెస్టు, పదకొండవ టెస్టు. ఇద్దరూ ఒకే రోజున మొదలుపెట్టారు, ఇద్దరూ సరిగ్గా పదకొండేసి టెస్టులు ఆడారు, ఒక్క మ్యాచ్ తేడాతో ముగించారు. యుద్ధం ఇద్దరి యౌవనాన్నీ సమానంగానే తినేసింది. ముష్తాక్ చేసిన పరుగులు 612, సగటు ముప్పై రెండు. అదీ ఆయన ప్రతిభకు సరితూగే అంకె కాదు. అయినా ఎవరూ ముష్తాక్‌ను విఫలుడనలేదు. బ్యాట్స్‌మన్‌కు మాంచెస్టర్ వంటి ఒక్క మధ్యాహ్నం చాలు. బౌలర్‌కు ఆ మధ్యాహ్నం రావాలంటే ఇంకొకరు బంతి చేతికివ్వాలి.

ఆశలు మోసినవారు గమ్యం చేరకపోవడం ఒక్క క్రికెట్‌కు చెందిన కథ కాదు. అమెరికా బేస్‌బాల్‌లో 1957లో బాల్టిమోర్ ఓరియోల్స్ సంస్థలో చేరిన స్టీవ్ డల్కోవ్‌స్కీ కంటె వేగంగా బంతి విసిరినవారు లేరని ఆ తరం వారి నమ్మకం. కాని బంతి అదుపు తప్పేది. చివరకు అదుపు చిక్కి, ప్రధాన జట్టులో చోటు దాదాపు ఖాయమనుకున్న 1963 వసంతంలో చేయి దెబ్బతిన్నది. తొమ్మిది సీజన్లు దిగువ శ్రేణి పోటీలలోనే ముగిశాయి. పెద్ద లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆయనను అడ్డుకున్నది సొంత చేయి. సి.ఎస్. నాయుడు చేతికి ఏ దెబ్బా తగలలేదు. ఆ చేయి మూడు దశాబ్దాలు పనిచేసింది.

టెస్టు జీవితం ముగిసినా ఆయన బంతి వదలలేదు. మధ్య పరగణాలు-బేరార్, సెంట్రల్ ఇండియా, బరోడా, హోల్కర్, బెంగాల్, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ - రంజీ ట్రోఫీలో ఎనిమిది జట్లకు ఆడారు. ఇంతగా తిరిగిన రంజీ ఆటగాళ్లు అరుదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఆ రాష్ట్రపు క్రికెట్ సంఘమూ పుట్టింది. 1953-54లో ఆంధ్ర జట్టుకు సి.కె. నాయకత్వం వహించారు. మచిలీపట్నం విడిచిన కుటుంబం మూడో తరంలో ఆంధ్ర పేరుతో మైదానంలోకి దిగింది. కొత్త జట్టుకు వారి ఆట కంటె వారి రాకే గౌరవం.

ఆయన చివరిగా ఆడిన జట్టు మధ్యప్రదేశ్. 1956 పునర్వ్యవస్థీకరణ తరువాత బస్తర్ ఆ రాష్ట్రంలో ఉండేది కనుక, ఆ రోజులలో ఎర్రబోరుకూ జగదల్‌పూర్‌కూ సొంత రంజీ జట్టు అదే. ఛత్తీస్‌గఢ్‌కు తనదైన రంజీ జట్టు వచ్చింది 2016లో మాత్రమే. 1960-61 సీజన్‌తో సి.ఎస్. ఆట ముగిసింది. అప్పటికి ఆయనకు నలభై ఆరేళ్లు.

మొత్తం లెక్క తీస్తే 174 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 26.54 సగటుతో 647 వికెట్లు, నాలుగు శతకాలతో 5,786 పరుగులు. ఇన్నింగ్స్‌లో ఉత్తమ బౌలింగ్ 93 పరుగులకు ఎనిమిది వికెట్లు. అత్యధిక స్కోరు 127. టెస్టులలో అత్యధిక స్కోరు 36, పరుగులు 147. ఈ రెండు వరుసలూ ఒకే మనిషివని తెలియనివారికి చెబితే నమ్మరు.

ఆయన నిష్క్రమిస్తున్న ఏడాదే భారత జట్టులోకి అడుగుపెట్టిన మరొక లెగ్ స్పిన్నర్ సుభాష్ గుప్తే. ఆయన 36 టెస్టులలో 149 వికెట్లు పడగొట్టారు. గుప్తే బంతిలో సి.ఎస్.కు లేని అదుపు ఉందన్నది నిజం. మణికట్టు స్పిన్నర్‌ను రోజంతా నమ్మి బౌలింగ్ చేయించే ధైర్యం భారత నాయకులకు అప్పటికి అలవడిందన్నదీ నిజం. తరువాత వచ్చిన చంద్రశేఖర్‌కు, అనిల్ కుంబ్లేకు ఆ నమ్మకం పుట్టుకతో వచ్చిన ఆస్తిలా లభించింది. వారికి ముందు తరంలో అదే విద్య నేర్చి ఓవర్‌కు నాలుగు పరుగులిచ్చి బంతి తిరిగి అప్పగించినవారిలో సి.ఎస్. నాయుడు ఒకరు.

సి.కె. నాయుడు 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు. అదే ఊళ్లో సి.ఎస్. నాయుడు 2002 నవంబరు 22న, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో మరణించారు. 1934లో కలకత్తా మైదానంలో ఆయనతో పాటు తొలి టెస్టు ఆడినవారిలో అప్పటికి ఇద్దరు జీవించి ఉన్నారు. మద్రాసులో ఎం.జె. గోపాలన్, ఇందూరులో ముష్తాక్ అలీ.